జాతర వారంలో స్ప్రింట్

ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ ఎజైల్‌గా పని చేస్తోందా, ఊరికే ఆ పేరు పెట్టుకుందా అని తేల్చడానికి సర్టిఫికెట్లు చూడక్కర్లేదు. ఆ టీమ్‌లో తిరుపతి పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటే, మే నెలలో గంగమ్మ జాతర వారానికి పని ఎలా పంచుకున్నారో అడగండి. సంగతి బయటపడుతుంది.

తాతయ్యగుంట గంగమ్మ జాతర మంగళవారం రాత్రి చాటింపుతో మొదలవుతుంది. చాటింపు పడ్డాక స్థానికులు పొలిమేర దాటకూడదని, పొరుగూరివాళ్లు రాత్రి ఇక్కడ ఉండకూడదని పాత కట్టుబాటు. తిరుమల కొండకు వచ్చే జనంతో ఆ రెండోది ఏనాడో చెల్లిపోయింది. మొదటిదాన్ని బెంగళూరు, చెన్నై బస్సులు తినేశాయి. అయినా ఆ వారం ఎలాగైనా ఊళ్లో ఉండాలని కొట్టుకులాడే ప్రాణాలు ఇప్పటికీ ఎన్నో. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు... రోజుకో వేషం. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు గంగమ్మ మీదా కన్నేశాడు, ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతుకుతూ ఆమె వేసిన వేషాలివని కథ. ఎవరో దొర వచ్చాడనుకుని వాడే బయటికొచ్చాడు, తల తెగింది. అమ్మవారి తరఫున ఈ వేషాలు వేసే బాధ్యత కైకాల కుటుంబాలది. మొక్కు ఉన్న మగపిల్లలు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని గుడికి పోతారు. వాళ్లలో కోడ్ రాసేవాళ్లూ ఉంటారు. 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ సినిమా వచ్చాక దేశమంతా ఈ వేషం చూసింది గానీ, ఇక్కడి తల్లులకు కొడుకులకు చీర కట్టడం కొత్తేమీ కాదు.

రోజుకో వేషం మార్చి చివరికి పని సాధించిన గంగమ్మే తొలి ఎజైల్ గురువు అని ఎవరో స్లైడ్ వేసే రోజు ఎంతో దూరంలో లేదు. దయచేసి వేయకండి. జాతరలో వరుస ముందే ఖాయం. తోటి వేషాన్ని మాతంగి తర్వాతకు జరుపుదామంటే ఊరు ఊరుకోదు.

ఎజైల్ కథ వేరు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా కొండల్లో, స్నోబర్డ్ అనే విడిదిలో 17 మంది కూర్చుని సాఫ్ట్‌వేర్ పనికి నాలుగు విలువలు రాసుకున్నారు. వాటికి తోడైన పన్నెండు సూత్రాల్లో ఒకటి, ఎంతకాలమైనా ఒకే వేగంతో సాగించగలిగేట్టు పని ఉండాలంటుంది. స్ప్రింట్ అనే ఒక చిన్న విడతలో ఎంత పని తలకెత్తుకోవాలో చేసేవాళ్లే ఎంచుకోవాలని, రాబోయే రోజుల్లో తమకెంత వీలుందో చూసుకోవాలని, ఎజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌కు రాసిన స్క్రమ్ గైడ్ చెబుతుంది. అంటే జాతరకు సెలవని ముందే చెప్పే కుర్రాడు టీమ్‌ను ముంచడం లేదు, ప్లానింగ్‌కు కావలసిన లెక్క ఇస్తున్నాడు. క్లయింటు దేశంలో క్రిస్మస్‌కు ఎవరూ ఉండరని డిసెంబరులో పని తగ్గించుకోవడం మన మేనేజర్లకు బాగా వచ్చు. మే వచ్చేసరికి ‘ఏదో లోకల్ పండగ కదా’ అంటారు. ప్రభుత్వం రాష్ట్ర పండుగగా గుర్తించిన జాతర ఇది. చిత్తూరు, కుప్పం గంగమ్మలకూ మే నెలలోనే జాతర.

తప్పంతా మేనేజర్లదే కాదు, చదువులోనూ ఉంది. మన చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. వాటిలో చాలాచోట్ల ఎజైల్ అంటే పరీక్షలో రాసే నిర్వచనం. ఫైనలియర్ ప్రాజెక్టు ఆఖరి వారంలో పుడుతుంది, కొన్నిసార్లు రిపోర్టు పుట్టాక. అలా కాకుండా, ప్రోగ్రాంలో అప్పటికి నడిచే ముక్కను రెండు వారాలకోసారి నిజంగా వాడేవాడికి చూపించమనండి. గాంధీ రోడ్డులో అంగడాయనకు బిల్లుల ప్రోగ్రాం రాసి చూపిస్తే, “బిల్లు నేను కాయితం మీద రాసుకుంటా గానీ, ఎవరు ఎంత బాకీనో చూపించప్పా” అంటాడు. అప్పుడు రాసింది పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. చదివితే అర నిమిషంలో అయిపోయే ఈ ముక్క, చేతికి అలవాటు కావడానికి ఓ సెమిస్టరు పడుతుంది.

నోరు తెరవడం ఇంకో విద్య. బండ వేషం వేసినవాళ్లు దారిన పోయేవాణ్ణి బూతులు తిట్టినా ఎవరూ కోపగించుకోరు, అది ఆ రోజు ఆనవాయితీ. స్ప్రింట్ ముగిశాక జరిగే రెట్రోస్పెక్టివ్ కూడా ఉన్నమాట అనడానికే పెట్టింది. కానీ అక్కడ మేనేజరు తలెత్తగానే అందరూ ‘ఆల్ గుడ్ సార్’ అంటారు.

చాటింపు తర్వాత మళ్లీ వచ్చే మంగళవారం అసలు జాతర, ఆ రాత్రంతా జాగారం. బుధవారం తెల్లవారుజామున అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరికితే గానీ ముగియదు. ఆ మట్టి ప్రసాదం కోసం తోసుకుని, ఇంటికి చేరి, లాప్‌టాప్ తెరిచిన పిల్లవాణ్ణి పదింటికి స్టాండప్ అనే రోజువారీ సమావేశంలో అడుగుతారు: నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేమిటి? ఆ మూడు ప్రశ్నలను స్క్రమ్ గైడ్ నుంచి 2020లోనే తీసేశారు.