బాలింతకు నీళ్ళెందుకు పోయరు?

సత్తెనపల్లి చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో పురిటి గది ఇప్పటికీ చిన్న జైలే. రోళ్ళు పగిలే ఎండల్లోనూ కిటికీలు మూసి, బాలింత చెవుల్లో దూది పెట్టి, సాంబ్రాణి పొగ వేస్తారు. పొద్దున్నే కాయం ముద్ద, అన్నంలోకి వెల్లుల్లి కారం. ఆ మంటకు మంచినీళ్ళడిగితే మాత్రం అరగ్లాసే. తాగితే పొట్ట పెరుగుతుందట, బిడ్డకు జలుబు చేస్తుందట.

మిరప కోతలప్పుడు కాన్పైన కూలితల్లికి ఈ కొలత ఎవరూ పెట్టరు. నెల తిరక్కుండానే చేలోకి పోయి, బిడ్డను చెట్టుకింద ఉయ్యాల్లో వేసి, బిందెలో నీళ్ళు కడుపారా తాగుతుంది. ఆమె ఒంటికి పట్టని నియమం ఆసామి కోడలికెలా పట్టింది? (కోడలికి దక్కిన విశ్రాంతి కూలితల్లికి దక్కకపోవడం వేరే అన్యాయం.)

పాలిచ్చే తల్లికి నీళ్ళు ఎక్కువే కావాలి. పైగా కాన్పయ్యాక దాదాపు ఆరు వారాలు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ. నీళ్ళు మాన్పించి, మంచం దిగనివ్వకపోతే కాళ్ళలోనో మెదడు సిరల్లోనో గడ్డ ఏర్పడే ముప్పు పెరుగుతుంది. అప్పుడొచ్చే మూర్ఛకు మనవాళ్ళు పెట్టే పేరు గాలి సోకడం.

ఇక మైల. బాలింతను తాకినవాళ్ళు స్నానం చెయ్యాలంటుంది ఆచారం. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్వెయిస్ అనే వైద్యుడు దీన్ని తిరగేశాడు: తాకబోయే ముందే చేతులు కడుక్కోమన్నాడు. పురిటి జ్వరం చావులు ఒక్కసారిగా పడిపోయాయి. మైల ఆమెది కాదు, మన చేతులది.

ఒంటికి ఇన్ని నియమాలు రాసిన పెద్దలు మనసుకు ఒక్కటీ రాయలేదు, తాయెత్తు తప్ప. కాన్పైన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే అది కుంగుబాటు. దాన్ని పసిగట్టడానికి ఎడింబరో ప్రశ్నావళి 1987 నుంచీ ఉంది. అందులో ఉన్నవి పదే ప్రశ్నలు. వెయ్యిమందిలో ఒకరిద్దరికి మతి చలిస్తుంది. వాళ్ళకు కావలసింది వేపమండల దెబ్బలు కాదు, అదే రోజు ఆసుపత్రి.

శ్రీమంతానికి గాజులు లెక్కపెట్టేటప్పుడే, రాత్రిళ్ళు బిడ్డను ఎవరెత్తుకోవాలో కూడా తేల్చుకోండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చెయ్యడానికి ఉన్న టెలిమానస్ నంబరు 14416 గోడమీద రాసిపెట్టుకోండి. ఆసుపత్రి కాన్పైతే ఆశా కార్యకర్త 42వ రోజులోపు ఆరుసార్లు ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బిడ్డను చూపించి పంపెయ్యకండి. అత్తగారూ, మీరు కాసేపు బయట కూర్చోండి, కోడల్ని మాట్లాడనివ్వండి.