ఆగి ఉన్న లారీ

“ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు.” ఈ శీర్షిక కనపడకుండా పేపర్లో ఒక్క వారమైనా గడుస్తోందా? కింద ఊరి పేరు, ఎంతమంది పోయారు, ఎక్కడికి వెళ్లొస్తున్నారు... పెళ్లికో, తిరుపతికో, శ్రీశైలానికో. అయ్యో పాపం అనుకుంటాం. పిల్లలున్నారేమోనని రెండో పేరాలో వెతుక్కుంటాం. ఆ లారీ అక్కడెందుకు ఆగింది, ఎన్ని గంటలుగా ఆగింది, దాని డ్రైవరు ఆ వేళప్పుడు ఏం చేస్తున్నాడు అన్నది మాత్రం ఏ పేరాలోనూ ఉండదు. మనమూ అడగం. లారీ అంటే మన దృష్టిలో ఎవరో రోడ్డు మీద కట్టిపోయిన గోడ!

టీ కోసమో, కునుకు కోసమో రోడ్డు మీదే బండి వదిలేసేవాళ్లున్నారు. వాళ్లని వెనకేసుకు రావడం లేదు. చెడిపోయి ఆగిన బండి సంగతే నేను మాట్లాడేది. “కాస్త పక్కకి తీసి పెట్టుకోవచ్చుగా!” అని కారులోంచి విసుక్కుంటాం చూడండి, ఆ లారీ సంగతి.

పక్కకి తీయడం అన్నివేళలా అతని చేతిలో ఉండదు. పెద్ద లారీల బ్రేకులు గాలితో పనిచేస్తాయి. పార్కింగ్ బ్రేకుని పట్టి ఉంచేది బలమైన స్ప్రింగు. బండి నడుస్తున్నంతసేపూ ఆ స్ప్రింగుని నొక్కిపెట్టి ఉంచేది గాలి. ఎక్కడైనా గొట్టం చిట్లి గాలంతా పోయిందంటే స్ప్రింగు తన పని తాను చేసేస్తుంది. చక్రాలు బిగుసుకుపోతాయి. పది చక్రాల లారీకి సరుకుతో కలిపి చట్టం ఒప్పుకునే బరువే 28.5 టన్నులు. నలుగురు దిగి తోస్తే కదిలేదా అది?

ఇక డీజిల్ సంగతి. డీజిల్ ఇంజనుకి స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. డీజిల్ వచ్చే గొట్టంలోకి గాలి చేరితే ఆ ధార తెగిపోయి ఇంజను ఆగిపోతుంది. “ఎయిర్ పట్టింది” అంటారు. మనింట్లో నీళ్ల మోటారుకి పట్టినట్టే. పాత లారీల్లో ఫిల్టరు దగ్గర చిన్న స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ, బుడగలు పోయి తేటగా డీజిల్ వచ్చేదాకా ఓపిక పడితే బండి మళ్లీ కదిలేది. ట్యాంకు అడుగంటేదాకా నడపొద్దని పెద్ద డ్రైవర్లు చెప్పేది ఇందుకే. కానీ ఓనరు కొలిచి పోయించే డీజిలుతో వెళ్లేవాడికి అది చెప్పినంత సులువు కాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.-6 లారీలకి ఇంకో చిక్కు. పొగ శుభ్రం చేయడానికి యూరియా కలిపిన నీళ్లు వేరే ట్యాంకులో పోయాలి. అవి అయిపోతే బండి జోరు దానంతటదే తగ్గిపోతుంది. సెన్సారు తప్పు చూపితే రోడ్డు పక్క మెకానిక్కు పానాలతో ఏమీ చేయలేడు, కంప్యూటరు తగిలించి చూసేవాడు రావాలి. ఆ వచ్చేవాడు ఏ పట్నంలోనో ఉంటాడు.

మా వీధిలో జాకెట్లు కుట్టే అమ్మాయి ఉంది. ఆమె భర్త కైకలూరు నుంచి హౌరాకి చేపల లోడు తోలతాడు. వెయ్యి కిలోమీటర్లకి పైనే దారి. ఐసు కరిగేలోగా చేరాలి. బండి ఆగితే ఆ కరుగుతున్న ఐసు నీళ్లు బొట్లుబొట్లుగా రోడ్డు మీద పడుతుంటే చూస్తూ కూచోవడమేనట. ఓనరు ఫోను, చేపలు కొన్నవాడి ఫోను, మధ్యలో ఈమె ఫోను. “ఎక్కడున్నావయ్యా అంటే బండి దగ్గరున్నానంటాడక్కా! అన్నం తిన్నావా అంటే తిన్నానంటాడు. అక్కడ హోటలెక్కడిది?” అంది మొన్న, మిషను తొక్కడం ఆపకుండానే.

ఇదివరకు లారీకి డ్రైవరూ, క్లీనరూ ఇద్దరుండేవారు. ఇప్పుడు చాలా బళ్లలో క్లీనరు లేడు. కుర్రాళ్లు ఆ పనికి రావట్లేదు, ఓనర్లకీ ఒక జీతం మిగులుతోంది. మరి బండి ఆగితే మెకానిక్కు కోసం ఎవరు వెళ్లాలి? వదిలిపోతే ట్యాంకులో డీజిల్ ఉండదు, బ్యాటరీ ఉండదు, సరుకూ ఉండదు. అందుకని ఒంటరిగా బండి నీడనే పడుకుంటాడు. ఆ జీతం ఆదా చేసిన ఓనరు ఈ లెక్క కూడా వేసుకోవాలి కదా.

చీకటి పడితే అసలు ప్రమాదం మొదలవుతుంది. బ్యాటరీ దిగిపోతే వెనక లైట్లుండవు. అప్పుడతను చేసేదేమిటంటే నాలుగు రాళ్లు పేర్చి, ఒక తుమ్మ కొమ్మ విరిచి పెట్టడం. రాళ్లు చీకట్లో మెరుస్తాయా? బండి బాగయ్యాక ఆ రాళ్లు అక్కడే వదిలేసిపోతే మర్నాడు ఏ స్కూటరు మీదవాళ్లో పడతారు. కరెంటు అక్కర్లేకుండా ఎదుటి బండి వెలుగుకే మెరిసే ఎర్ర త్రికోణాలుంటాయి. కొన్ని వందల రూపాయల వస్తువు. బళ్లలో అవి ఉంచుకోవాలని నియమమూ ఉంది. ప్రమాదకరంగా బండి వదలకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షను ఉంది. అయినా త్రికోణం పెట్టిన లారీని మీరెన్నిసార్లు చూశారు?

పెట్టేవాళ్లు కూడా లారీ తోకకి ఆనించి పెడతారు. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి 22 మీటర్లు దాటేస్తుంది. బండికి ఆనించిన త్రికోణం కనపడేసరికి బ్రేకు మీద కాలు పడేలోపే అంతా అయిపోతుంది. వంద అంగలు వెనక్కి నడిచి పెట్టాలి. అంటే ఇంచుమించు డెబ్బై మీటర్లు, మూడు సెకన్లు. మలుపు దగ్గరైతే మలుపుకి అవతల. పెట్టడానికి వెళ్లేటప్పుడు తారు మీద కాదు, మట్టి అంచున నడవాలి.

మనం వెళ్లే సుమోకీ, బొలేరోకీ ఇదంతా వర్తిస్తుంది. బండి ఆగగానే మగవాళ్లు బానెట్ ఎత్తుకుని నిలబడతారు. ఆడవాళ్లం పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని లోపలే కూచుంటాం, “ఎండగా ఉంది, దిగొద్దు” అంటూ. అలా కూచోవద్దు. వెనకనుంచి లారీ వస్తే ముందు పోయేది లోపలున్నవాళ్లే. ఎడమవైపు తలుపులోంచి దిగి, రెయిలింగుంటే దానికవతలకి, లేకపోతే రోడ్డుకి దూరంగా చెట్టు కిందకి పిల్లల్ని తీసుకుపోవాలి. పొగలు కక్కుతున్న రేడియేటరు మూత ఎవరు విప్పబోయినా చెయ్యి పట్టుకు ఆపండి, మామగారైనా సరే! నాలుగు ఇండికేటర్లూ వేయమని డ్రైవరుకి చెప్పండి. “బండి సంగతి మీకేం తెలుసమ్మా” అంటాడు. అననివ్వండి.

లారీ ఇళ్ల ఆడవాళ్లకి ఇంకో మాట. చాలా బళ్లు మీ గాజులు తాకట్టు పెడితేనే రోడ్డెక్కాయి. కిస్తీ కట్టే తేదీ మీకే గుర్తుంటుంది. దసరాకి ఆ బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టేది మీరే. ఈసారి ఆ పూజ సామాను చిట్టాలో రెండు ఎర్ర త్రికోణాలూ, ఒక మంచి టార్చిలైటూ రాయించండి. అద్దె బండి తోలే భర్తయితే ఓనరు ఇచ్చేదాకా ఆగకండి. ఇవ్వాల్సింది అతనే, అడగండి, కానీ ఆలోపు మీరు కొని సీటు కింద పెట్టండి.

ఫోను చేసినప్పుడు “ఎక్కడున్నావు” అని అడిగితే “బండి దగ్గర” అనే వస్తుంది, మా వీధి అమ్మాయికి వచ్చినట్టే. “పక్కనున్న కిలోమీటరు రాయి మీద ఏం రాసుంది?” అని అడగండి. రోడ్డు నంబరు, కిలోమీటరు అంకె. జాతీయ రహదారి అయితే 1033కి చేసినవాళ్లని మొదట అడిగేది అదే. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. గస్తీ బండీ, క్రేనూ, అంబులెన్సూ పంపేది వాళ్లే. అతను హడావిడిలో ఉంటే ఆ అంకె చెప్పించుకుని ఇంటినుంచి మీరే చేయొచ్చు.