జున్ను తీసిందెవరు?

నాయకత్వం నేర్పే కథలంటే మన మేనేజర్ల బల్లల మీద కనిపించేవి సన్నటి ఇంగ్లిష్ పుస్తకాలే. వాటిలో పేరుమోసింది 1998లో వచ్చిన స్పెన్సర్ జాన్సన్ 'హూ మూవ్డ్ మై చీజ్?'. రెండు ఎలుకలు, ఇద్దరు బుల్లి మనుషులు, చిక్కుదారుల మధ్య దాచిన జున్ను. అది మాయమైతే గోల చెయ్యకుండా కొత్తది వెతుక్కోమంటుంది. 'నా జున్ను ఎవరు తీశారు' అని నిలదీసిన హెమ్ ఆ కథలో వెనకబడిపోయిన మనిషి. ఉద్యోగాలు ఊడబెరికే యాజమాన్యాలకు ఈ కథ ఎందుకంత నచ్చిందో వేరే చెప్పాలా? నిలదీసినవాణ్ణే నాయకుణ్ణి చేసిన నవల మనకు 1922లోనే వచ్చింది, ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'. అందులో సంగదాసు కూలి దగ్గర పేచీ వస్తే కూలీల పక్షాన నిలబడతాడు, భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు చనిపోతాడు. తోడబుట్టిన వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెడతాడు. తండ్రి రామదాసుది భక్తి, ఓర్పు. ఒకే గుడిసెలో మూడు దారులు! ఉన్నవవారి మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంటుంది గానీ, జగ్గణ్ణి చులకన చేసి మాత్రం గెలవరు. ఎదుటి వాదానికి అంత చోటివ్వడం పది సూత్రాల పట్టికలో పట్టే విద్య కాదు. తెల్లదొరల ప్రభుత్వం జున్ను కథల్లాంటివాటికి భయపడలేదు, మాలపల్లిని నిషేధించింది. శిక్షణ తరగతుల్లో పుస్తకాలు పంచే కంపెనీలు ఈసారి ఇది పంచి చూడండి.