పఠనగోష్ఠి: పదునాలుగేండ్ల పిల్ల యేమి చదువవలెను?



ఈ మాసము మా బల్లమీదికి చేరిన పుస్తకములు పండితులు మెచ్చు కావ్యములును గావు, పసివారికి చదివి వినిపించు నీతికథలును గావు. పదుమూడు మొదలు పందొమ్మిది వఱకు వయసుగల పిల్లలు దిండుక్రింద దాచుకొని చదివెడి నవలలు. ఇంగ్లీషువారు వీనికి యంగ్ అడల్ట్ నవలలని పేరిడి, అంగళ్లలో వేఱుగా ఒక అలమర నిలిపినారు. మనకు ఆ వయసున్నది గాని ఆ అలమర లేదు. 1947 జులైలో మదరాసున పుట్టిన చందమామ ఇప్పుడు వెలువడుట లేదు. వెలువడిన కాలమందైనను దాసరి సుబ్రహ్మణ్యముగారి మాంత్రికులను, రాక్షసులను దాటినంతనే పిల్ల నేరుగా పెద్దల నవలలలోనికి దుమికెడిది. ఆ నడుమనున్న ఖాళీలో ఆమె చేతికి ఏమి దొరకుచున్నదో తల్లులు తెలిసికొనుట అవసరము గనుక, మేము చదివిన కొన్నింటినిగూర్చి మా యభిప్రాయములను ఇచ్చట మనవి చేయుచున్నాము.

అసలు నవలలే వలదను వారు కొందఱు కలరు. మా పటమటలో వీరి సంఖ్య హెచ్చు. ఇచ్చటినుండి బెంజి సర్కిలు వఱకు నడిచినచో ర్యాంకులు వచ్చిన పిల్లల ఛాయాపటముల బోర్డులే కన్నుల కగపడును. ఇంటర్మీడియటు చదువు పిల్ల తెల్లవారకమునుపే లేచి, రాత్రి ప్రొద్దుపోవువఱకు లెక్కలు, రసాయనశాస్త్రము వల్లించుచుండగా, కథపుస్తకము పట్టుట కాలహరణమని వీరి వాదము. మావారు బడిపంతులు, వారితో ఈ మాట అనని తండ్రి లేడు. దీనికి మా జవాబు చిన్నది. కథ వినవలెనను కోరిక పరీక్షలకు వెఱచి పోవునది కాదు. శుకసప్తతిలో చిలుక ప్రభావతిని గడప దాటనీయకుండుటకు ఏమి చేసినది? తాళము వేయలేదు, రాత్రికొక కథ చెప్పినది. రేపటి కథకై ఆమె నిలిచినది. నేడు వారపత్రికలవారు "ఇంకా వుంది" అని వేయు మాట ఆ చిలుక నేర్పిన విద్యయే. పింగళి సూరనార్యుడు కళాపూర్ణోదయమున ముడివేసి తుదివఱకు విప్పకుండుటయు ఇట్టిదే. పిల్లకు మంచి చిలుకను మనము చూపనిచో మఱియొక చిలుక తానై వచ్చి కిటికీమీద వ్రాలును.

మన తెలుగువారి చిలుకలలో మొదట పేర్కొనదగినవారు యద్దనపూడి సులోచనారాణిగారు. 1940లో మన కృష్ణాజిల్లా కాజ గ్రామమున జన్మించి, 2018లో పరమపదించిరి. 'సెక్రటరీ' నవల వెలువడి అరువదియేండ్లు కావచ్చినను, ఏలూరు రోడ్డు అంగళ్లలో నేటికిని అడిగి కొనుచున్నారు. 1976లో చలనచిత్రముగాను వచ్చినది. దీనిని తేలికగా త్రోసివేయు విమర్శకులతో మేము ఏకీభవింపము. ఆడుది ఉద్యోగము చేయుటయే వింతగా తోచిన కాలమున, జయంతి తన కాళ్లమీద తాను నిలువజూచినది. ఎదుటివాని ఐశ్వర్యమునకు ఆత్మాభిమానమును తాకట్టు పెట్టలేదు. ఎందఱో గృహిణులు ఆ పుటలలో తమ తల యెత్తి చూచుకొనిరి. అయినను ఒక కొఱత కలదు. జయంతి ఎంత అభిమానవతియైనను, ఆమె కథకు గమ్యము రాజశేఖరమే. పొడుగాటివాడు, ధనవంతుడు, మాట తక్కువవాడు, మనసులోని మాట చెప్పక శాసించువాడు: ఇట్టి నాయకుని అచ్చు అప్పుడు పోసినది, తరువాతివారు ఆ అచ్చులో మఱల మఱల పోసిరేగాని పగులగొట్టినవారు తక్కువ.

యండమూరి వీరేంద్రనాథుగారి నవలలు మఱియొక తీరు. 'వెన్నెల్లో ఆడపిల్ల' లో చదరంగపు ఆటగాడైన రేవంతునకు కనబడని యువతి టెలిఫోనులో చిక్కుప్రశ్నలు వేయును. ఆడపిల్ల బుద్ధితో ఆడుట, మగవాడు ఆమెకై ఆలోచింపవలసివచ్చుట మాకు నచ్చినవి. పదునాఱేండ్ల పిల్లకు ఈ పుస్తకము ఇయ్యవచ్చును. 'తులసిదళము' మాట వేఱు. చేతబడి మొదలగు వానితో నిండిన ఆ కథ చదువరిని విడువదనుట నిజమే. కాని జ్వరము వచ్చిన బిడ్డను వైద్యునికి చూపక మంత్రగానికొఱకు పరుగెత్తువారు ఇంకను ఉన్న దేశమున, దానిని చదివిన పిల్లతో ఒక గంట కూర్చుండి మాటలాడుట తల్లి విధి.

ఇక ఇంగ్లీషు నవలలు. స్టెఫనీ మేయర్ వ్రాసిన 'ట్వైలైట్' 2005లో వెలువడి మన కళాశాలల పిల్లలవఱకు వచ్చినది. అందు నాయకుడు రక్తపిశాచి. మాకు పిశాచముతో పేచీ లేదు. మన కథలలో బేతాళుడు లేడా? మా పేచీ మఱియొకచోట. ఆ నాయకుడు బెల్లాయను పిల్ల నిద్రించుచుండగా, ఆమె ఎఱుగకుండ, రాత్రివేళ ఆమె గదిలో ప్రవేశించి చూచుచుండును. రచయిత్రి దీనిని గాఢప్రేమకు గుర్తుగా వర్ణించినది. మేము తిక్కనగారి విరాటపర్వము చదివి పెరిగినవారము. కీచకుడును తనది ప్రేమయే యనుకొనెను. సైరంధ్రి వలదన్నది, ఆ మాట వానికి వినబడలేదు. తిక్కన వానిని ఎన్ని శృంగారపు మాటలు పలికించినను, వాడెవడో మనకు తెలియకుండ చేయలేదు. చక్కని మొగమును, మెఱయు కారును ఇచ్చి కీచకుని నాయకునిగా నిలుపుట ఈ కాలపు నవలలలో మాకు కనబడిన పెద్ద దోషము.

దీనికి ఎదురుగా సుజాన్ కాలిన్స్ వ్రాసిన 'హంగర్ గేమ్స్' (2008) చదివి మేము సంతోషించితిమి. పండ్రెండు మండలములనుండి ఏటేట ఒక బాలుని, ఒక బాలికను చీటివేసి తెచ్చి, ఒకరినొకరు చంపుకొనుచుండగా రాజధానివారు వేడుక చూతురు. చెల్లెలి పేరు వచ్చినప్పుడు కాట్నిస్ అనెడి అక్క "నేను పోయెదను" అని ముందుకు వచ్చును. ఏకచక్రపురమున బకాసురునికి ఇంటికొకరు చొప్పున వంతు పోవుటయు, బ్రాహ్మణుని ఇంట తండ్రి నేనన నేనని భార్యయు, కూతురును, చేత పుల్ల పట్టుకొని పసివాడును ముందుకు వచ్చుటయు ఎఱిగిన తెలుగు పిల్లకు ఈ కథ పరాయిది కాదు. హత్యలు మిక్కుటముగా నున్నవి, నిజమే. కాని చంపుటను రుచిగా చూపలేదు. చూచి ఆనందించువారిని సిగ్గుపడునట్లు చేసినది. పదునైదేండ్లు నిండినవారికి తప్పక ఇయ్యుడు.

ఇప్పుడు పుస్తకమే లేని నవలలను చెప్పవలెను. 2014లో బెంగుళూరున మొదలైన ప్రతిలిపి వంటి సంస్థలద్వారా తెలుగు ధారావాహికలు సెల్‌ఫోనులోనే వచ్చుచున్నవి. వీనివలన మేలు కలదు. వంటయింటి పని ముగించుకొని, ఏ సంపాదకుని దయకును ఎదురుచూడక, తన కథను వేలమందికి చేర్చుకొన్న గృహిణులు కలరు. మన తాతమ్మలకు ఈ భాగ్యము లేదు. అయినను మేము చదివిన వానిలో పెక్కింటి కథ ఒక్కటే: కోట్లకు పడగలెత్తిన అహంకారి, బలవంతపు పెండ్లి, నూఱు భాగములవఱకు అవమానము, తుదకు వాడు మాఱినాడని కన్నీటితో క్షమించుట. ప్రతి భాగమును గోడ అంచున నిలిపివేయుదురు. తరువాతిది వెంటనే కావలెనన్న నాణెములు చెల్లింపవలెను. శుకసప్తతి చిలుక ప్రభావతిని కాపాడుటకు కథ ఆపినది. ఈ చిలుక బొక్కసముకొఱకు ఆపుచున్నది.

ఇంతకును మంచివి లేవా? ఉన్నవి. సోమరాజు సుశీలగారి 'ఇల్లేరమ్మ కతలు' ప్రతి యింట ఉండదగినది. ఒక ఆడపిల్ల తన యిల్లు, చెల్లెండ్రు, బడి, పెద్దల వింతలు తన కంటితో చూచి చెప్పును. నవ్వు ఆగదు, ఆ నవ్వులో వెక్కిరింత లేదు. జపానుదేశపు కురొయనాగి తెత్సుకో 1981లో ప్రకటించిన తన బాల్యకథ తెలుగులో 'రైలుబడి' గా వచ్చినది. బడినుండి వెళ్లగొట్టబడిన పిల్ల చెప్పుకొను మాటలను క్రొత్తబడి ప్రధానోపాధ్యాయుడు నాలుగు గంటలు ఓపికగా వినును. మావారు ఆ ఘట్టమును చదివి చాలసేపు మాటలాడలేదు. కొంచెము పెద్దవారికి ఎండపల్లి భారతిగారి 'ఎదారి బతుకులు'. అయిదవ తరగతివఱకే చదివిన చిత్తూరు పల్లెటూరి స్త్రీ తన మాండలికమున వ్రాసిన ఈ కథలు, చదువు వేఱు, తెలివి వేఱని పట్టణపు పిల్లలకు నేర్పును. రమేశ్ కార్తీక్ నాయక్ వ్రాసిన బంజారా కథల సంపుటి 'ధావ్లో' కు 2024లో సాహిత్య అకాడెమీ యువపురస్కారము లభించినది. తండాలో పెరిగిన యువకుని కన్ను ఎట్టిదో అందు చూడవచ్చును.

ఇచ్చట ఒక మాట గమనింపుడు. అకాడెమీవారు 2010నుండి బాలసాహిత్యమునకును, 2011నుండి యువపురస్కారమునకును బహుమానము లిచ్చుచున్నారు. యువపురస్కారము ముప్పదియైదేండ్లు దాటని రచయితలకేగాని, యువ చదువరులకొఱకు వ్రాసిన పుస్తకములకు కాదు. కావున మన పదునాలుగేండ్ల పిల్ల రెండింటి నడుమ సందులో నిలిచియున్నది. ప్రకాశకులు ఈ వయసుకొఱకు ఒక వరుస వేసినచో కొనువారు లేకపోరు. 1989నుండి జరుగుచున్న మన బెజవాడ పుస్తక మహోత్సవమున ఏటేట జనవరిలో ఎంతమంది పిల్లలు తల్లుల కొంగు పట్టుకొని తిరుగుదురో చూచినవారికి ఈ మాట చెప్పనక్కరలేదు.

మంచిచెడ్డలను ఎంచుటకు మేము పెట్టుకొన్న గుర్తు ఒక్కటి కలదు. కథలోని ఆడపిల్ల నోట "కాదు" అను మాట వచ్చినప్పుడు, ఆ కథ దానిని వినుచున్నదా? నన్నయగారి శకుంతల నిండుకొలువులో రాజుతో సత్యమునుగూర్చి వాదించినది. ద్రౌపది సభను ప్రశ్న యడిగినది. ఆ సభ వినకపోయిన పాపమునకు భారతమంతయు ఫలము. ఆడపిల్ల "కాదు" అన్నచో లోపల "ఔను" ఉన్నదని నేర్పు నవల, ఎంత తీయని భాషలో నున్నను, మన పిల్లలకును పనికిరాదు, ఇంటి మగపిల్లలకు అంతకంటెను పనికిరాదు. ఇది వట్టి సాహిత్యచర్చ కాదు. ప్రేమను నిరాకరించిన పాపమునకు 2004లో ఈ నగరమందే ఒక విద్యార్థిని తరగతిగదిలో ప్రాణము కోలుపోయినది. వాడు నవలలు చదివి అట్లు చేసెనని మేము అనుట లేదు. "కాదు" అను మాట వినుట వానికి ఎవరును నేర్పలేదని మాత్రము అనుచున్నాము.

కనుక తల్లులకు మా మనవి: పుస్తకమును లాగి పొయ్యిలో వేయకుడు, సెల్‌ఫోను గుంజుకొనకుడు. పిల్ల చదువుచున్న దానిని మీరును చదువుడు. "ఈ నాయకుడు నీ వెంటబడినచో ఏమి చేయుదువు?" అని నవ్వుచునే అడుగుడు. కోపమునకు వెఱచి నవలను దాచనేర్చిన పిల్ల, రేపు ఎవడైన వీథిలో వెంటబడినను ఆ భయమును మనకు చెప్పక అట్లే దాచును. నవలనుగూర్చి తల్లితో వాదించు పిల్ల ఆ సంగతియు చెప్పును.

వచ్చు మాసమున మగపిల్లలు మిక్కిలి మక్కువతో చదువు అపరాధపరిశోధక నవలలను, మధుబాబుగారి షాడో మొదలగు వానిని విచారింతము. మీ యిండ్లలోని పిల్లలు ఏమి చదువుచున్నారో వ్రాయుడు. వారి పేర్లు వలదు, పుస్తకముల పేర్లు చాలును.