ఒక్క అంకె చాలదు
ఉన్నత విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితా వెలువడింది. కళాశాలల ప్రకటనల హోరూ మొదలైంది. ఇంజినీరింగ్ విభాగంలో బోధన-వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, సమ్మిళితత్వానికి 10, పేరుప్రతిష్ఠలకు 10 అన్న తూకం నిపుణులు ఎంచుకున్నదే; మరోలా ఎంచుకోవడానికీ వీలుంది. వాటాలు కాస్త మారితే, స్వల్ప మార్కుల తేడాతో నిలిచిన సంస్థల స్థానాలు తారుమారు కావచ్చు. పైగా లెక్కల్లో అధికభాగం సంస్థలు స్వయంగా సమర్పించినవి. ఈ సందేహమేదీ ర్యాంకు పక్కన కనిపించదు. 40కీ 47కీ మధ్య అంతరాన్ని నమ్మి అప్పు చేసి ఫీజు కట్టే కుటుంబానికి ఆ మౌనం తీరని అన్యాయం. వందో స్థానం దాటాక సంస్థలను శ్రేణులుగా చూపే వివేకం పైవరుసలకూ విస్తరించాలి. ప్రతి ర్యాంకూ ఎక్కడి నుంచి ఎక్కడి వరకు కదలగలదో కేంద్ర విద్యాశాఖ జాబితాలోనే ముద్రించాలి.