గుడ్డులోని పిల్లకు క్రొవ్వే యాహారము

కోడిని పొదుగవేసి యిరువదియొకటవ దినమునకై యెదురుచూచుట మన యిండ్లలో క్రొత్త గాదు. ఆ 21 దినములును గుడ్డులోని పిల్ల యేమి తిని బ్రదుకుచున్నదో విచారించుట మాత్రము అరుదు. గుడ్డునందు చక్కెరజాతి పదార్థము నూటికి నొక పాలైనను లేదు. అది తొలిదినములకే సరిపోవును. పిమ్మట నాధారము పచ్చసొనలోని క్రొవ్వు. సామాన్యమైన గుడ్డులో నిది 5 గ్రాముల ప్రాంతమున నుండును. పిల్లకు గావలసిన శక్తిలో పదింట తొమ్మిది పాళ్లు దీనినుండియే వచ్చును. సొనచుట్టు నల్లుకొన్న పొర యొకటి దానిని పీల్చి పిల్ల రక్తమున గలుపును. క్రొవ్వు ఖర్చగుటకు ప్రాణవాయువు కావలెను గదా. అది పెంకునందలి సన్నని రంధ్రములగుండ లోనికి వచ్చును. దీపమున నూనె కాలినట్లే యిచటను వేడిమి పుట్టును. కావుననే కడపటి దినములలో పెట్ట మేతకు లేచి పోయినను గుడ్లు మొదటివలె త్వరగా చల్లబడవు.

ఇక మనుష్యులు చేసిన యెంపిక మాట. మాంసమునకై పెంచు బ్రాయిలరు కోళ్లలో తరతరమునను త్వరగా పెరుగువానినే సంతతికి నిలుపుచు వచ్చిరి. కెనడాయందలి ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 1957 నాటి జాతిని ఎంపిక చేయక యట్లే కాపాడి, 2005 నాటి బ్రాయిలరుతోబాటు ఒకే మేతపై పెంచి, ఫలితమును 2014లో ప్రకటించిరి. 56 దినముల వయస్సున మొదటిది 905 గ్రాములు, రెండవది 4202 గ్రాములు తూగినవి! వారు వీరని కాదు, ఎంపిక చేసినవారందరు ముఖ్యముగ చూచినది పుట్టిన పిమ్మటి తూకమునే. అయినను ఆ త్వర పెంకు లోపలికిని చొచ్చినది. బ్రాయిలరు పిండము గుడ్లకై పెంచు జాతి పిండముకంటె కడపటి దినములలో నెక్కువ వేడిమిని వెలువరించును. పొదుగు యంత్రములలో మొదట గుడ్లను వెచ్చచేయుట, చివర చల్లార్చుట పనియగుచున్నది. పెంకు వేడిమి 100 డిగ్రీల ఫారన్‌హీటును మిక్కిలి మించినచో పిల్ల సొనను చక్కగా వినియోగించుకొనజాలదు, గుండెయు చిన్నదగును.

మిగిలిన సొనను పిల్ల పుట్టుటకు ముందు కడుపులోనికి లాగుకొనును. అందుచేతనే ఒక దినపు పిల్లలను మేత లేకయే దూరప్రాంతములకు పంపగలుగుచున్నారు. బ్రదుకునుగాని, బ్రాయిలరు పిల్లకు మేత ఆలస్యమైనకొలది పెరుగుదల తగ్గును. కొని తెచ్చుకొన్నవారు గంప దింపినవెంటనే నీరును నూకలును చూపుట మేలు.

మమ్ము కలచినది వేరొకటి. సొనలోని క్రొవ్వు తల్లి కాలేయమున తయారై రక్తముద్వారా గుడ్డును చేరును. బ్రాయిలరు తల్లికి కడుపునిండ మేత పెట్టినచో నది మితిమీరి క్రొవ్వి, గుడ్లు సరిగా పెట్టదు. అందువలన దానికి కొలిచియే మేత వేయుదురు. అది సదా ఆకలితోనే యుండును. బిడ్డకు క్రొవ్వు నింపి యిచ్చు తల్లికి ఆకలి! మన పెరటి నాటుపెట్ట కీ గతి లేదు. ఫ్రాన్సుదేశమున లేబెల్ రూజ్ అను గుర్తుగల కోళ్లు మెల్లగా పెరుగు జాతులవి. 81 దినములు నిండనిదే వానిని కోయరాదని యచటి నియమము.