పచ్చిక కింద పల్లె

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, పట్టాభిషేకాలు స్ఫురిస్తాయి. మరి నేల దున్నినవాని చరిత్ర ఎక్కడున్నది? అది ఆ నేలలోనే ఉన్నదని మేమంటాము. ఇంగ్లండులోని వారమ్ పెర్సీ అనే కుగ్రామమే ఇందుకు సాక్ష్యం.

యార్క్‌షైర్ వోల్డ్స్ అనే సుద్దరాతి కొండల నడుమ, ఊటనీరు పారే లోయ పక్కన ఆ పల్లె వెలసింది. మిట్టపై రైతుల ఇళ్లు, దిగువన చర్చి, చుట్టూ ధాన్యం పండే పొలాలు. నేడు కప్పులేని చర్చి, పచ్చిక కింద ఇళ్ల పునాదుల గుర్తులు మాత్రమే మిగిలాయి.

1349 నాటి మహామారియే ఈ పల్లెను తుడిచిపెట్టినదని తలచడం సులభం. కాని జనం తగ్గినా, ఆ తరువాత శతాబ్దానికి పైగా ఇక్కడ కాపురాలు సాగాయి. ఉన్ని లాభసాటి కావడంతో పొలాలు గొర్రెల బీళ్లుగా మారాయి. 1500 ప్రాంతంలో చివరి కుటుంబాలను వెళ్లగొట్టారు. పల్లె ప్రాణం తీసినది భూస్వామి లాభాపేక్షయే.

1950 నుండి 1990 వరకు మారిస్ బెరెస్‌ఫర్డ్, జాన్ హర్స్ట్ ప్రభృతులు ఏటా వేసవిలో ఇక్కడ తవ్వకాలు జరిపారు. జనం పెరిగిన కాలంలో చర్చికి పక్క భాగాలు చేర్చారని, తగ్గిన కాలంలో వాటిని కూల్చివేశారని తేల్చారు. ఆ గోడలే ఊరి జనాభా లెక్కలు! శ్మశానంలో బయల్పడిన దాదాపు 700 అస్థిపంజరాలు ఆ జనుల ఆహారాన్ని, వ్యాధులను, కాయకష్టాన్ని తెలిపాయి.

ఏ కవీ కీర్తించని ఈ రైతులకు నలుబది వేసవులు వెచ్చించిన పండితుల ఓర్పు మనకు ఆదర్శం కావాలి. శాసనం మౌనం వహించినచోట మట్టిని ప్రశ్నించడం మన విద్యార్థులు కూడ నేర్వాలి.